నలభై-పదిహేను

అందరికీ నమస్కారం. కోచ్‌లు ఉన్నారు, తల్లిదండ్రులు ఉన్నారు, ముందు వరుసలో రాకెట్ బ్యాగులు ఒళ్లో పెట్టుకుని పిల్లలు కూర్చున్నారు. "టెన్నిస్ ఛాంపియన్ల మరపురాని ఘట్టాలు" అని నాకు అంశం ఇచ్చారు. కప్పు ఎత్తడం, కోర్టు మీద వెల్లకిలా పడిపోవడం, అమ్మానాన్నల దగ్గరికి ఎగబాకి వెళ్లడం... ఇవన్నీ మీ ఫోన్లలోనే ఉన్నాయి, నేను చెప్పక్కర్లేదు. నేను ఇవాళ ఒక్క స్కోరు పట్టుకుంటాను. 40-15. గేమ్‌లో మొదటి మూడు పాయింట్లని 15, 30, 40 అని లెక్కపెడతారు, అంటే సర్వ్ చేసేవాడివి మూడు, ఎదుటివాడిది ఒకటి. మ్యాచ్ గెలవడానికి సర్వ్ చేస్తున్నాడు, చేతిలో రెండు మ్యాచ్ పాయింట్లున్నాయి, వాటిలో ఒక్కటి గెలిచినా మ్యాచ్ అతనిదే. అక్కడి నుంచి ఓడిపోయినవాళ్లున్నారు. ఆ రెండూ పోయాక కూడా గెలిచినవాడున్నాడు. అక్కడ కోర్టులో ఏం జరిగిందో చూద్దాం.

2019 జులై 14 ఆదివారంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆ సాయంత్రం మీలో చాలామందికి గుర్తుండి ఉంటుంది. ఒక చానల్లో లార్డ్స్ నుంచి ఇంగ్లండ్, న్యూజిలాండ్ ప్రపంచకప్ ఫైనల్, ఇంకో చానల్లో అదే లండన్ నుంచి వింబుల్డన్ ఫైనల్. రిమోట్‌కి ఆ పూట ఊపిరాడలేదు. లార్డ్స్‌లో మ్యాచ్ టై, సూపర్ ఓవర్ కూడా టై, ఆఖరికి బౌండరీలు లెక్కపెట్టి కప్పు ఇచ్చారు. అది న్యాయమా అన్యాయమా అని మనవాళ్లు వారం రోజులు కొట్లాడుకున్నారు. టెన్నిస్ వైపు జరిగింది అంతకంటే విచిత్రం, కానీ దాని మీద ఎవరూ కొట్లాడలేదు.

లెక్క చూడండి. రోజర్ ఫెదరర్ గెలిచిన పాయింట్లు 218, నొవాక్ జొకోవిచ్ గెలిచినవి 204. విన్నర్లు, అంటే ఎదుటివాడు అందుకోలేని షాట్లు, 94కి 54. ఏస్‌లు, అంటే ఎదుటివాడి రాకెట్‌కి తగలకుండా పోయిన సర్వ్‌లు, 25కి 10. ఎదుటివాడి సర్వీస్ బ్రేక్ చేసింది, అంటే వాడు సర్వ్ చేసిన గేమ్ లాక్కున్నది, ఫెదరర్ ఏడుసార్లు, జొకోవిచ్ మూడుసార్లు. గేమ్‌లు కూడా కూడి చూస్తే ఫెదరర్‌వి 36, జొకోవిచ్‌వి 32. కప్పు జొకోవిచ్‌ది. స్కోరు 7-6, 1-6, 7-6, 4-6, 13-12. నాలుగు గంటల 57 నిమిషాలు.

ఇదెలా సాధ్యం? టెన్నిస్‌లో పాయింట్లను కూడరు, పెట్టెల్లో పెడతారు. నాలుగు పాయింట్లు ఒక గేమ్ పెట్టెలో, ఆరు గేమ్‌లు ఒక సెట్ పెట్టెలో. పెట్టె మూత పడ్డాక లోపల ఎంత మిగిలిందో ఎవరికీ అక్కర్లేదు. 6-1తో గెలిచిన సెట్టూ ఒకటే, 7-6తో గెలిచిన సెట్టూ ఒకటే. ఫెదరర్ రెండో సెట్‌ని 6-1తో లాగేశాడు, ఆ మిగులంతా వృథా. జొకోవిచ్ గెలిచిన మూడు సెట్లూ టై-బ్రేక్‌లే, అంటే గేమ్‌లు సమమైనప్పుడు సెట్ తేల్చడానికి ఆడే ఆఖరి గేమ్‌లే: 7-5, 7-4, 7-3. అంటే మూతలు పడే క్షణాల్లో మాత్రం అతను అక్కడున్నాడు.

ఇక ఆ ఒక్క గేమ్. ఐదో సెట్, ఫెదరర్ 8-7 ఆధిక్యంలో సర్వ్ చేస్తున్నాడు, 40-15.

(బోర్డు మీద కోర్టు గీస్తూ) కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్ వెడల్పు 27 అడుగులు. సర్వీస్ పెట్టె నెట్ నుంచి 21 అడుగులు. నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర మూడున్నర. ఈ అర అడుగు తేడాని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం. 40-15 అంటే అప్పటికి నాలుగు పాయింట్లు అయిపోయాయి, ఇప్పుడు ఐదోది. బేసి పాయింటు ఎప్పుడూ కుడివైపు నుంచి, అంటే డ్యూస్ కోర్టు నుంచి. అది పోతే 40-30, ఆరో పాయింటు, ఎడమవైపు నుంచి. అంటే మీ చేతిలో ఉన్న రెండు మ్యాచ్ పాయింట్లూ ఒకే రకం కావు. కుడిచేతివాటం సర్వర్ డ్యూస్ కోర్టు నుంచి స్లైస్ చేస్తే, అంటే బంతిని పక్కకి కోసినట్టు తిప్పి కొడితే, బంతి ఎదుటివాడిని కోర్టు బయటికి లాక్కెళుతుంది. ఎడమచేతివాటం సర్వర్‌కి ఆ సౌకర్యం అవతలి వైపు నుంచి. మీ మంచి సర్వ్ మొదటి అవకాశంలో వాడాలా, రెండోదానికి దాచాలా అని చాలామంది పిల్లలు ఆలోచిస్తారు. దాచుకోవడం అనేది లేదు. ఈ వైపు సర్వ్ ఈ వైపే పనిచేస్తుంది.

ఇప్పుడు అంకెలు. తన సర్వీస్ మీద నూటికి 70 పాయింట్లు గెలిచే ఆటగాడనుకుందాం. వరుసగా రెండు పోగొట్టుకునే అవకాశం 0.3 ఇంటూ 0.3, అంటే నూటికి తొమ్మిది. రెండూ పోయాక కూడా డ్యూస్ (40-40) నుంచి అతనిదే పైచేయి, నూటికి 84 సార్లు గేమ్ అతనిదే. మొత్తం మీద 40-15 నుంచి గేమ్ పోవడమంటే నూటికి ఒకటిన్నర సార్లు కూడా కాదు. అందుకే చూసేవాళ్లు అక్కడ కుర్చీలోంచి లేస్తారు. ఆడేవాడి ఒంట్లో కూడా ఏదో ఒకటి లేచి నిలబడుతుంది, చిక్కంతా అదే.

మొదటి మ్యాచ్ పాయింట్ మీద ఫెదరర్ ఫోర్‌హ్యాండ్ పక్కకి వెళ్లిపోయింది. రెండోదాని మీద అప్రోచ్, అంటే నెట్‌కి వెళ్లడానికి దారి చేసే షాట్, కొట్టి నెట్ దగ్గరికి వచ్చాడు. ఆ అప్రోచ్ జొకోవిచ్ ఫోర్‌హ్యాండ్‌కు వెళ్లింది, అతను క్రాస్‌కోర్టు పాస్ కొట్టాడు, అంటే కోర్టుకి ఐమూలగా, నెట్ దగ్గరున్నవాణ్ణి దాటిపోయేలా. ఇందులో తప్పేముంది అంటే, నా ఉద్దేశంలో నెట్‌కి రావడం తప్పు కాదు. గడ్డి మీద ఫెదరర్ జీవితమంతా చేసిందే అది. తప్పు ఉంటే అప్రోచ్‌లో ఉంది. అప్రోచ్ బేస్‌లైన్‌కు, అంటే కోర్టు చివరి గీతకు, రెండు మూడు అడుగుల లోపల పడితే ఎదుటివాడు వెనక్కి నొక్కుకుపోతాడు. సర్వీస్ లైన్ దాటిన కాసేపటికే పడితే వాడికి అడుగు ముందుకు వేసే చోటు, కోణం రెండూ దొరుకుతాయి. పాసింగ్ షాట్ తగలడమూ తగలకపోవడమూ ముప్పాతిక వంతు మీ అప్రోచ్ చేతిలోనే ఉంది.

అయితే అదే ఫెదరర్, అదే జొకోవిచ్, అదే 40-15 ఎనిమిదేళ్ల ముందే ఒకసారి వచ్చింది. 2011 యూఎస్ ఓపెన్ సెమీఫైనల్. ఫెదరర్ మొదటి రెండు సెట్లు గెలిచాడు, తర్వాత రెండు జొకోవిచ్‌వి. ఐదో సెట్‌లో 5-3, 40-15. ఫెదరర్ డ్యూస్ కోర్టు నుంచి మొదటి సర్వ్ వైడ్‌గా, జొకోవిచ్ ఫోర్‌హ్యాండ్ వైపు వేశాడు. జొకోవిచ్ దాన్ని ఉన్నదున్నట్టు క్రాస్‌కోర్టు కొట్టేశాడు, ఫెదరర్ కదల్లేదు. తర్వాత జొకోవిచ్ రెండు చేతులూ పైకెత్తి జనం వైపు చూశాడు. అప్పటిదాకా ఫెదరర్ వైపున్న స్టేడియం ఒక్కసారి ఊగిపోయింది.

అదృష్టం అన్నవాళ్లున్నారు. నేను కాస్త దగ్గరగా చూపిస్తాను. (బోర్డు మీద) సర్వర్ వైడ్‌గా వేస్తే రిటర్నర్‌కి రెండు దారులు. లైన్ వెంట కొడితే దూరం తక్కువ, నెట్ ఎత్తు ఎక్కువ. క్రాస్‌కోర్టు కొడితే బంతి నెట్ మధ్య భాగం మీదుగా, తక్కువ ఎత్తు మీదుగా పోతుంది. పైగా మూల నుంచి మూలకి 82 అడుగుల పైన చోటు, అంటే లైన్ వెంట కంటే నాలుగున్నర అడుగులు ఎక్కువ. తెగించి కొట్టాలనుకున్నవాడికి కూడా తెగించడానికి సురక్షితమైన దిక్కు క్రాస్‌కోర్టే. జొకోవిచ్ గుడ్డిగా ఊపలేదని నేననేది అందుకే. స్వింగ్ మాత్రం పూర్తిగా వదిలేశాడు, సగంలో ఆపలేదు. భయంతో సగం స్వింగ్ చేసే రిటర్న్ నెట్‌లో పడుతుంది, లేదా సర్వీస్ లైన్ దగ్గర తేలుతుంది. రెంటికీ శిక్ష ఒకటే.

రెండో మ్యాచ్ పాయింట్ మీద ఫెదరర్ ఫోర్‌హ్యాండ్ నెట్ పట్టీకి తగిలి బయట పడింది. అది దురదృష్టమే, ఒప్పుకుంటాను. జొకోవిచ్ అక్కడి నుంచి 7-5తో సెట్, మ్యాచ్ గెలిచి, ఫైనల్ కూడా గెలిచాడు. దానికి సరిగ్గా ఏడాది ముందు, 2010లో, అదే టోర్నీ సెమీస్‌లో 4-5, 15-40 వద్ద సర్వ్ చేస్తూ ఇదే ఫెదరర్ మీద రెండు మ్యాచ్ పాయింట్లు కాపాడుకున్నాడు. అప్పుడూ ఫోర్‌హ్యాండ్ విన్నర్లే. మూడుసార్లు జరిగినదాన్ని అదృష్టం అనడానికి నాకు నోరు రాదు.

సరే, 40-15 పోయాక ఏం చెయ్యాలి? దీనికి జవాబు పాత ఆటలో ఉంది. 1980 జులై 5, వింబుల్డన్ ఫైనల్, బియాన్ బోర్గ్, జాన్ మెకన్రో. బోర్గ్ అప్పటికి వరుసగా నాలుగుసార్లు ఛాంపియన్, స్వీడన్ మనిషి, ముఖంలో ఏమీ కనబడనివ్వడు. మెకన్రోకి 21 ఏళ్లు, ఎడమచేతివాటం, నోరు పెద్దది. చెక్క రాకెట్ల కాలం. బోర్గ్ తన డొనే రాకెట్‌కి తీగెలు దాదాపు 80 పౌండ్ల బిగువుతో కట్టించేవాడు. ఇవాళ మీ రాకెట్లు 50, 55 మీద ఉంటాయి కదా, ఆ బిగువు ఎంతో ఊహించుకోండి. తీగె అంత బిగిస్తే బంతి తక్కువ ఎగురుతుంది, పట్టు దొరుకుతుంది, కానీ శక్తంతా చేతి నుంచే రావాలి.

మొదటి సెట్ మెకన్రో 6-1. తర్వాత బోర్గ్ 7-5, 6-3. నాలుగో సెట్ 5-4, బోర్గ్ సర్వీస్, స్కోరు 40-15. అదే మన స్కోరు! రెండూ పోయాయి. గేమ్ పోయింది. టై-బ్రేక్ వచ్చింది. వింబుల్డన్‌లో టై-బ్రేక్ మొదలైంది 1971లో, అప్పట్లో 8-8 వద్ద. 1979 నుంచే 6-6కి మార్చారు. అంటే అప్పటికి అది ఏడాది వయసున్న నియమం.

ఆ టై-బ్రేక్ 18-16. ముప్పై నాలుగు పాయింట్లు. ప్రతి ఆరు పాయింట్లకి వైపులు మారాలి కాబట్టి ఇద్దరూ ఐదుసార్లు నెట్ పక్కనుంచి ఒకరినొకరు దాటుకుంటూ వెళ్లారు. అందులో బోర్గ్‌కి ఇంకో ఐదు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, అంటే ఫైనల్లో మ్యాచ్ పాయింట్లు, వచ్చాయి, ఐదూ పోయాయి. మెకన్రోకి ఏడు సెట్ పాయింట్లు కావలసి వచ్చాయి, ఏడోదానికి తీసుకున్నాడు. మొత్తం మీద బోర్గ్ చేతికందిన ముద్ద నోటికందకుండా పోవడం ఏడోసారి.

ఇప్పుడు ఐదో సెట్. చాలామంది ఈ మ్యాచ్ గురించి చెబుతూ టై-బ్రేక్ దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం అసలు ఘట్టం ఆ తర్వాతిదే. బోర్గ్ ఐదో సెట్ మొదటి గేమ్ సర్వ్ చేశాడు, 0-30. అక్కడ కుప్పకూలాలి, మామూలు మనిషైతే. అక్కడి నుంచి తన సర్వీస్ మీద వరుసగా 19 పాయింట్లు గెలిచాడు. ఎలా? కొత్తగా ఏమీ చెయ్యలేదు. మొదటి సర్వ్ లోపల పడేలా వేశాడు, వెనకాలే నెట్‌కి వెళ్లాడు, మొదటి వాలీ (నేలని తాకకముందే కొట్టే షాట్) లోతుగా పెట్టాడు. ఫ్రెంచ్ ఓపెన్‌లో బేస్‌లైన్ వదలని మనిషి, వింబుల్డన్‌లో మాత్రం మొదటి సర్వ్ వెనక నెట్‌కి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. అలవాటుకి తిరిగి వెళ్లాడు, అంతే. 8-6తో గెలిచాడు, వరుసగా ఐదో టైటిల్.

(సభలోంచి ఒకరు: "మైండ్ ఖాళీ చేసుకోమంటారు కదండీ?")

అంటారు. ఖాళీ చెయ్యమంటే అవుతుందా? "ఆ పాయింటు గురించి ఆలోచించకు" అంటే అదే ఆలోచిస్తాం. చేతికి పని చెప్పడం నయం. ఇప్పుడు పెద్ద టోర్నీల్లో పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు ఇస్తారు. అందులో మొదటి పది నడవడానికి, తీగెలు సర్దుకోవడానికి. తర్వాత ఐదు, ఎక్కడ సర్వ్ వెయ్యాలో నిర్ణయానికి. ఆ తర్వాత బంతి నేలకేసి కొట్టడం మీకు రోజూ ఎన్నిసార్లు అలవాటో అన్నిసార్లే. నిర్ణయం లైన్ దగ్గరికి వచ్చాక మార్చకూడదు. టాస్ వేశాక, అంటే సర్వ్ కోసం బంతి పైకి విసిరాక, మనసు మార్చుకున్న సర్వ్ లోపల పడటం నేను చెప్పగలిగినంత అరుదు.

అసలు మ్యాచ్ పాయింట్ మీద జరిగే తప్పుల్లో నాకు ఎక్కువ ఆసక్తి డబుల్ ఫాల్ట్ మీద, అంటే సర్వ్‌కి ఇచ్చే రెండు అవకాశాలూ తప్పి పాయింటు పోవడం మీద. రిటర్న్ కొట్టడానికి ఎదుటివాడు కావాలి. డబుల్ ఫాల్ట్‌కి మీరొక్కరే చాలు.

1989 ఫ్రెంచ్ ఓపెన్, నాలుగో రౌండ్. ఒకవైపు ప్రపంచ నంబర్ వన్ ఇవాన్ లెండిల్. ఇంకోవైపు అమెరికా కుర్రాడు మైకేల్ చాంగ్, వయసు 17. లెండిల్ రెండు సెట్లు 6-4, 6-4. చాంగ్ రెండు సెట్లు 6-3, 6-3. ఐదో సెట్‌లో చాంగ్ కాళ్లకి కండరాలు పట్టేశాయి. కూర్చుంటే మళ్లీ లేవలేనని వైపులు మారేటప్పుడు నిలబడే ఉన్నాడు, అరటిపళ్లు తిన్నాడు, నీళ్లు తాగాడు, పాయింట్లలో బంతిని ఆకాశానికి లేపి ఊపిరి తీసుకున్నాడు. 4-3, 15-30 వద్ద అతను చెయ్యి కింద నుంచి సర్వ్ వేశాడు. నియమాల్లో తప్పులేదు: బంతి చేతిలోంచి వదిలాక నేలని తాకకముందే కొట్టాలి, అంతవరకే. పైనుంచా కిందనుంచా అని నియమం అడగదు. లెండిల్ బేస్‌లైన్ వెనకాల లోతుగా నిలబడ్డాడు, ఆ సర్వ్ ముందుకి లాగింది, వచ్చి కొట్టి నెట్ దగ్గర చిక్కుకున్నాడు, పాయింటు చాంగ్‌ది.

నిజానికి ఆ సర్వ్ కంటే నాకు నచ్చేది ఆఖరి పాయింటు. 5-3, లెండిల్ సర్వీస్, 15-40. మొదటి సర్వ్ తప్పింది. రెండో సర్వ్‌కి చాంగ్ నడుచుకుంటూ వచ్చి సర్వీస్ లైన్‌కి దాదాపు ఆనుకుని నిలబడ్డాడు. సర్వర్ కళ్లకి ఎదురుగా ఇంత పెద్ద మనిషి కనిపిస్తుంటే ఏమవుతుంది? పెట్టె చిన్నదైనట్టనిపిస్తుంది. లోతుగా, గట్టిగా వెయ్యాలనిపిస్తుంది. లెండిల్ డబుల్ ఫాల్ట్ చేశాడు, మ్యాచ్ అయిపోయింది. చాంగ్ ఆ టోర్నీ ఫైనల్లో స్టెఫాన్ ఎడ్‌బర్గ్‌ని ఐదు సెట్లలో ఓడించి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన పురుషుల్లో అందరికంటే చిన్నవాడయ్యాడు.

రెండోది 1996 యూఎస్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్, పీట్ సంప్రాస్, స్పెయిన్‌కి చెందిన అలెక్స్ కొరెట్జా. ఆ రోజుల్లో నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో ఐదో సెట్‌కి కూడా టై-బ్రేక్ ఉన్నది యూఎస్ ఓపెన్‌లోనే. టై-బ్రేక్ 1-1 వద్ద సంప్రాస్ కోర్టు వెనక్కి వెళ్లి వాంతి చేసుకున్నాడు. అంపైర్ సానుభూతి చూపించలేదు, ఆలస్యానికి హెచ్చరిక ఇచ్చాడు. పాయింట్ల మధ్య రాకెట్ మీద ఆనుకుని నిలబడేవాడు. 6-7, కొరెట్జాకి మ్యాచ్ పాయింట్. సంప్రాస్ సర్వ్ వేసి నెట్‌కి వెళ్లాడు, ఒళ్లంతా సాగదీసి వాలీ అందుకున్నాడు, బతికాడు. 7-7. మొదటి సర్వ్ తప్పింది. రెండో సర్వ్‌తోనే ఏస్. 8-7. ఇప్పుడు కొరెట్జా సర్వ్ చెయ్యాలి, ఎదురుగా నిలబడలేని మనిషి ఉన్నాడు, బంతి లోపల వేస్తే చాలు. డబుల్ ఫాల్ట్. మ్యాచ్ అయిపోయింది. సంప్రాస్ ఆ వారాంతం కప్పు కూడా గెలిచాడు.

చూశారా, ఒకడు రెండో సర్వ్ మీద ఏస్ కొట్టాడు, ఇంకొకడు రెండో సర్వ్ పోగొట్టుకున్నాడు, మధ్యలో ఒక్క నిమిషం తేడా. రెండో సర్వ్ అంటే నెమ్మదిగా వేసే సర్వ్ కాదు. ఇది కోచ్‌లకి తెలుసు, పిల్లలకి వంద సార్లు చెప్పినా భయం వేసినప్పుడు చెయ్యి మర్చిపోతుంది. రెండో సర్వ్‌లో బంతిని కిందికి దించేది స్పిన్. స్పిన్ వచ్చేది రాకెట్ తల వేగం నుంచి. భయంతో చెయ్యి నెమ్మదిస్తే స్పిన్ చస్తుంది. స్పిన్ లేని బంతి నెట్ దాటితే పొడవు పోతుంది, పొడవు పోకూడదని దించితే నెట్‌లో పడుతుంది. ఇంకోటి, టాస్. బిగుసుకున్న భుజం టాస్‌ని పొట్టిగా వేస్తుంది, బంతి కిందకి వచ్చాక కొడతారు, అది నెట్టే. కాబట్టి మ్యాచ్ పాయింట్ మీద పిల్లలకి ఒకటే మాట చెప్పండి: టాస్ ఎత్తు తగ్గించకు, చెయ్యి వేగం తగ్గించకు, నెట్ మీద రెండు మూడు అడుగుల పైనుంచి పోనీ. జాగ్రత్త కావాలంటే ఎత్తులో తీసుకోవాలి, వేగంలో కాదు.

మూడోది గొరాన్ ఇవానిసెవిచ్, 2001 వింబుల్డన్. 1992, 94, 98ల్లో మూడు ఫైనళ్లు ఓడిపోయినవాడు. 2001 నాటికి ర్యాంకు 125, వైల్డ్ కార్డ్, అంటే ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశం, ఇస్తే గానీ లోపలికి రాలేకపోయాడు. టిమ్ హెన్‌మన్‌తో సెమీఫైనల్ వాన వల్ల మూడు రోజులు సాగింది. అందువల్ల ఫైనల్ ఆదివారం కాకుండా జులై 9, సోమవారం జరిగింది. ప్యాట్రిక్ రాఫ్టర్ మీద ఐదో సెట్ 8-7, ఇవానిసెవిచ్ సర్వీస్. అతని సర్వ్ ఆ కాలంలో అందరికీ దడ. మొదటి మ్యాచ్ పాయింట్: డబుల్ ఫాల్ట్. రెండో మ్యాచ్ పాయింట్: మళ్లీ డబుల్ ఫాల్ట్! మూడోదాని మీద రాఫ్టర్ లాబ్ (తల మీదుగా పోయే ఎత్తు బంతి) ఎత్తి పాయింటు తీసుకున్నాడు. నాలుగోదాని మీద కూడా మొదటి సర్వ్ పడలేదు. రెండో సర్వ్ పడింది, రాఫ్టర్ రిటర్న్ నెట్‌లో కొట్టాడు. వైల్డ్ కార్డ్ మీద వచ్చి వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచింది ఇప్పటికీ అతనొక్కడే. ఎంత పెద్ద సర్వ్ ఉన్నా అది మ్యాచ్ పాయింట్ దగ్గర కాళ్లు వణకకుండా ఆపదన్నమాట.

ఇక 2008 వింబుల్డన్ ఫైనల్ వదిలేస్తే మీరు నన్ను వదలరు. రఫెల్ నాదల్, ఫెదరర్. ఫెదరర్ గడ్డి మీద 65 మ్యాచ్‌లుగా ఓటమి లేకుండా వస్తున్నాడు, ఐదేళ్లుగా ఛాంపియన్. నాదల్ 6-4, 6-4. వాన. ఫెదరర్ మూడో సెట్ టై-బ్రేక్‌లో తీసుకున్నాడు. నాలుగో సెట్ కూడా టై-బ్రేక్. నాదల్ 5-2 ఆధిక్యం, రెండు సర్వ్‌లూ అతనివే. మన 40-15 లాంటిదే ఇది కూడా. మొదటిది డబుల్ ఫాల్ట్. రెండోది బ్యాక్‌హ్యాండ్ నెట్‌లో. 5-4. తర్వాత 7-6 వద్ద నాదల్‌కి మ్యాచ్ పాయింట్, ఫెదరర్ సర్వీస్, పోయింది.

7-7 వద్ద ఫెదరర్ నెట్ దగ్గరున్నాడు. నాదల్ పరిగెడుతూ ఫోర్‌హ్యాండ్ లైన్ వెంట పాస్ కొట్టాడు. 8-7, ఇప్పుడు మ్యాచ్ పాయింట్, ఈసారి సర్వ్ కూడా నాదల్‌దే. పదహారో పాయింటు, సరి సంఖ్య, అంటే ఎడమవైపు, అడ్వాంటేజ్ కోర్టు నుంచి. ఎడమచేతివాడికి ఇంతకంటే మంచి చోటు లేదు: స్లైస్ వేస్తే బంతి ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ నుంచి దూరంగా పోతుంది. ఆ బ్యాక్‌హ్యాండ్ మీదే నాదల్ మ్యాచ్ మొత్తం కట్టాడు. ఈ పాయింట్‌లో కూడా ఆ వైపే కొట్టి నెట్‌కి వచ్చాడు. ఫెదరర్ అదే బ్యాక్‌హ్యాండ్‌తో లైన్ వెంట పాస్ కొట్టాడు. నెట్ ఎత్తు మూడున్నర అడుగులుండే వైపు మీదుగా. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, ఆ అర అడుగు పైనుంచి. నాదల్ ఎత్తుగడ తప్పు కాదు. వంద సార్లలో తొంభై సార్లు అదే చెయ్యాలి. మిగతా పదిలో ఒకటి ఆ రోజు వచ్చింది. టై-బ్రేక్ ఫెదరర్ 10-8.

ఐదో సెట్ 2-2 వద్ద మళ్లీ వాన. ఈ మ్యాచ్ జరిగిన సెంటర్ కోర్టుకి పైకప్పు వచ్చింది మరుసటి ఏడాది, 2009లో. చీకటి పడిపోతోంది, 7-7 వద్ద నాదల్ బ్రేక్ చేశాడు, 9-7తో ముగించాడు. నాలుగు గంటల 48 నిమిషాలు. లండన్‌లో రాత్రి 9.16, మన దగ్గర అర్ధరాత్రి దాటి 1.46. మ్యాచ్ మొత్తంలో ఫెదరర్‌కి 13 బ్రేక్ పాయింట్లు వచ్చాయి, ఒక్కటే తీసుకోగలిగాడు. అందరూ ఆ బ్యాక్‌హ్యాండ్ పాస్‌ని చూపిస్తారు. నేనైతే ఆ పన్నెండు బ్రేక్ పాయింట్లనీ ఒకచోట పెట్టి చూడమంటాను. నాదల్ సర్వ్ ఎటు వేశాడో చూడండి. కోచ్‌లకి అదో పాఠం.

కొత్తవి అడుగుతారేమో, 2025 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్ చాలు. యానిక్ సినర్ రెండు సెట్లు ఒకటి ఆధిక్యంలో, నాలుగో సెట్‌లో 5-3, ఎదుటివాడు కార్లోస్ అల్కరాస్ సర్వీస్ 0-40. మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లు, మూడూ పోయాయి. ఐదో సెట్ సూపర్ టై-బ్రేక్ (పది పాయింట్ల టై-బ్రేక్) 10-2, అల్కరాస్‌ది. ఐదు గంటల 29 నిమిషాలు, అక్కడ జరిగిన ఫైనళ్లలో అన్నిటికంటే పొడవు. మొత్తం పాయింట్లు సినర్ 193, అల్కరాస్ 192. మళ్లీ పెట్టెల లెక్కే!

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక అబ్బాయి: "అసలు మ్యాచ్ పాయింట్ దాకా బిగువు లేకుండా గెలవడం కుదరదా, సార్?")

కుదురుతుంది, బాబూ. 1975 వింబుల్డన్ ఫైనల్ చూడు. ఆర్థర్ ఆష్, జిమ్మీ కానర్స్. కానర్స్ గత ఏడాది ఛాంపియన్, ఫైనల్ దాకా ఒక్క సెట్ కూడా పోగొట్టుకోలేదు. ఆష్ అంతకుముందెప్పుడూ అతన్ని ఓడించలేదు. వయసు 31. కానర్స్ బలం ఏమిటి? నువ్వు గట్టిగా కొడితే ఆ వేగాన్నే నీ మీదికి తిప్పి కొడతాడు. కాబట్టి ఆష్ వేగమే ఇవ్వలేదు. కానర్స్‌ది ఎడమచేతివాటం, బ్యాక్‌హ్యాండ్ రెండు చేతులతో, కాబట్టి చెయ్యి చాపు తక్కువ. ఆష్ డ్యూస్ కోర్టు నుంచి స్లైస్ సర్వ్ వైడ్‌గా వేసి ఆ బ్యాక్‌హ్యాండ్‌ని కోర్టు బయటికి లాగాడు. ఆట నడుస్తున్నప్పుడు ఫోర్‌హ్యాండ్‌కి తక్కువ ఎత్తులో, మెత్తగా, పొట్టిగా స్లైస్‌లు వేశాడు. గడ్డి మీద లేవని ఆ బంతిని కానర్స్ చదునైన ఫోర్‌హ్యాండ్ పైకి ఎత్తలేకపోయింది. నెట్‌కి వస్తే లాబ్. వైపులు మారేటప్పుడు కుర్చీలో కూర్చుని తను రాసుకున్న చీటీ చదువుకునేవాడు. 6-1, 6-1.

మూడో సెట్ కానర్స్ 7-5. నాలుగో సెట్‌లో మొదట్లో కానర్స్ ముందుకెళ్లాడు కూడా. అప్పుడు అందరూ చేసే పని ఏమిటి? పాత అలవాటుకి పోయి గట్టిగా కొట్టడం మొదలుపెడతారు. ఆష్ మాత్రం చీటీలో ఉన్నదే ఆడాడు. 6-4. నువ్వు చీటీ రాసుకుంటే మూడు వాక్యాలకి మించొద్దు. సర్వ్ ఎటు, ర్యాలీ ఎటు, వాడు నెట్‌కొస్తే ఏం చెయ్యాలి, అంతే. నాలుగోది రాస్తే చదవడానికి 90 సెకన్లు సరిపోవు, నీళ్లు కూడా తాగాలి కదా.